ఏడో చాప, ఎనిమిదో గురి

కైనా, హీయుమా దీవి
ఫిబ్రవరి 3, మంగళవారం

ఏమే కెర్తూ,

నీ తుపాకీ చెక్క నిన్న సాయంత్రం బస్సులో బయలుదేరింది. ముందు పోస్టాఫీసుకే పట్టుకెళ్ళాను. కౌంటర్లో ఆవిడ, "ఇంత పొడుగు పార్శిలేంటి ఎందెల్ గారూ, లోపలేముంది?" అంది. "తుపాకీ" అన్నాను. ఆవిడ చెయ్యి ఫోను మీదికి పోయింది. "మొత్తం కాదమ్మా, చెక్క వరకే. కాల్చే ఇనుము మా మేనకోడలి దగ్గరుంది" అన్నాను. దాంతో ఇంకా కంగారు పడింది. ఎందుకొచ్చిన గొడవ అని బస్సు డ్రైవర్ చేతికిచ్చి, ఓటెపాలో మీ స్పోర్ట్స్ స్కూల్ గుమ్మం ముందు దింపమని చెప్పాను. మన దీవి వాడే, మాట నిలబెట్టుకుంటాడు. దార్లో కనీసం నలుగురికి చూపించి ఉంటాడు, అది వేరే సంగతి.

ఇది అక్రోటు చెక్క. చలికి పగలదు, భుజాన మోసేటప్పుడు బరువనిపించదు. క్రిస్మస్‌కి నువ్వొచ్చినప్పుడు తీసుకున్న కొలతల ప్రకారం చేశాను. భుజానికి ఆనే మడమ ఒక వేలు పొట్టి చేశాను, ఏడాదిలో నువ్వేం పెరగలేదు కాబట్టి. బుగ్గ ఆనే దిమ్మ మీద మాత్రం నాలుగు రోజులు పట్టింది. నలభై ఏళ్ళుగా కుర్చీలు చేస్తున్నాను. కుర్చీకి మనిషి వెనక భాగం తెలిస్తే చాలు. తుపాకీ చెక్కకి ముఖం తెలియాలి, అందుకే ఇది కొంచెం మర్యాదైన పని.

మీ కోచ్ అదేదో ఫ్యాక్టరీ అల్యూమినియం దిమ్మలు తెప్పించాడని మీ అమ్మ చెప్పింది. తెప్పించుకోనీ. అల్యూమినియం వంటింట్లో గిన్నెలకి బావుంటుంది. మైనస్ పదిహేనులో దానికి బుగ్గ ఆనిస్తే ఏమవుతుందో ఆయన బుగ్గతోనే చూసుకోమను.

ఇరవై ఎనిమిదో తారీఖు మీ స్కీలూ తుపాకీల రిలేకి రమ్మని అడిగావు. చూద్దాం. ఫెర్రీ సంగతి చెప్పలేం, జలసంధి గడ్డ కడుతోంది. కోళ్ళని చూసే వాళ్ళు లేరు. మీ అత్తయ్య కోళ్ళు మనుషుల్ని చూస్తే గుడ్లు పెట్టవు, నన్ను మనిషిగా లెక్కెయ్యవు కాబట్టి నేనుండాలి.

నీ మామయ్య
ఎందెల్

తా.క. ఎవరి చేతా ఆ చెక్కని గీకించకు. ఎంత పెద్ద మనిషి అడిగినా సరే.


ఓటెపా
ఫిబ్రవరి 8, ఆదివారం

ప్రియమైన మామయ్యా,

చెక్క దిగింది. బస్సు డ్రైవర్ నలుగురికి కాదు, బస్సులో అందరికీ చూపించాడట. తార్తులో ఎక్కిన ఒక ముసలాయన, "ఈ పిల్ల గెలిస్తే నాకు చెప్పండి" అని అడ్రస్ కాయితం కూడా ఇచ్చాడు. అది నా దగ్గరే ఉంది. ఏం చెయ్యాలో తెలీదు.

ముందు ఒక మాట. ఇంత పెద్ద పెద్ద అక్షరాలెందుకు రాస్తున్నావు? పేజీకి ఆరు వాక్యాలు పడుతున్నాయి. నేనేం చెవిటిదాన్ని కాదు. ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో, పోటీ అయ్యేదాకా మా ఫోన్లన్నీ కోచ్ ఐవార్ గారు బిస్కట్ల డబ్బాలో వేసి తాళం పెట్టారు. డబ్బా ఆయన మంచం కింద ఉంది. అప్పుడప్పుడు దాని మోత వింటున్నామని మా హెలేరి అంటుంది, అబద్ధం.

ఇప్పుడు అసలు సంగతి. చెక్క చూసి ఐవార్ గారు, "కుర్చీలు చేసే ఆయనా? కాళ్ళెన్ని పెట్టాడు?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, క్షమించు. తర్వాత దాన్ని తిప్పి తిప్పి చూసి, "మూడు వారాల్లో కొత్త చెక్కకి అలవాటు పడ్డవాళ్ళని నేను చూళ్ళేదు. ఫ్యాక్టరీది స్క్రూలతో సర్దుకోవచ్చు, ఇది సర్దుకోలేం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు మామయ్యా, నిలబడి కాల్చడంలో నా లెక్క తెలిసిన మనిషి. పడుకుని కాల్చినంత సేపూ నాకు ఢోకా లేదు. నిలబడ్డానంటే పోయిన ఏడాదంతా ఐదులో సగటున మూడు. అంటే తప్పినదానికొకటి లెక్కన రెండు శిక్ష చుట్లు, నూట యాభై మీటర్ల చొప్పున. ఆ చుట్టులోని మంచు నా పేరు కలవరించే స్థితికి వచ్చింది.

చివరికి ఒప్పందం కుదిరింది. ఇరవై ఎనిమిదిన అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసిన మిశ్రమ రిలే. స్కీల మీద చుట్టు తిరిగొచ్చి ఒకసారి పడుకుని, ఇంకోసారి నిలబడి కాల్చాలి. ఇరవై రెండు దేశాలు, అందరూ పంతొమ్మిదేళ్ళలోపు వాళ్ళే. మా జట్టులో ముందు హెలేరి, తర్వాత నేను, ఆ తర్వాత ఇద్దరు అబ్బాయిలు. ఆ రోజు నిలబడి కాల్చేటప్పుడు నా ఐదు గురుల్లో రెండు దాటి తప్పితే నీ చెక్క పెట్టెలోకి, ఫ్యాక్టరీది నా భుజానికి. ఇంక వాదన లేదు. సరేనన్నాను. సరేనని చెయ్యి కూడా కలిపాను.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. బుగ్గ దిమ్మ ఎడమ వైపు కొంచెం ఏటవాలుగా ఉంది. కావాలనే అలా చేశావా?

అత్తయ్యకి, కోళ్ళకి నమస్కారాలు. నువ్వు రావాలి. ఊరికే చూద్దాం అనకు.

నీ
కెర్తు


కైనా
ఫిబ్రవరి 13, శుక్రవారం

కెర్తూ,

"కావాలనే అలా చేశావా" అట. ఈ ముక్క నేను తొమ్మిదో తారీఖు నుంచి నములుతున్నాను. నీ ఉత్తరం అంత తొందరగా వచ్చినందుకు పోస్టువాణ్ణి తిట్టాలో మెచ్చుకోవాలో తెలియడం లేదు.

మర్యాదగా అడిగావు కాబట్టి మర్యాదగా చెప్తాను. ఈ దీవిలో మూడు చర్చిల్లో జనం కూర్చునేది నేను చేసిన బల్లల మీద. పాస్టర్లు మారారు, ప్రసంగాలు పొడుగయ్యాయి, బల్లలు మాత్రం కిర్రుమనలేదు. ఎవరూ వచ్చి "ఎందెల్, ఇది వంకరగా ఉందే" అనలేదు. నా సొంత మేనకోడలు అంది. అది కూడా నేను నాలుగు రోజులు కూర్చుని చేసిన దిమ్మని.

వంకరగా ఉంటే ఉంది. నీకు కుదరకపోతే చెప్పు. దాన్ని ఐవార్ చేతికిచ్చి కాళ్ళు పెట్టించుకోమను. నాలుగైతే కుర్చీ, మూడైతే పాలు పితికే పీట. రెండూ ఉపయోగమే.

అక్షరాల సంగతి. పెన్సిల్ మొద్దుబారింది. వడ్రంగి పెన్సిల్ అలాగే ఉంటుంది. చదువుకున్న పిల్లవి, ఇది కూడా తెలియదా?

మీ అత్తయ్య లైనె ఈ ఉత్తరం నీకు పంపొద్దంటోంది. పంపుతున్నాను. నాకు కోపంగా ఉంది, నీకు అది తెలియాలి. ఓటెపాకి రావడం కుదరదు. కారణాలు చాలా ఉన్నాయి. ఒకటి చాలు.

ఎందెల్

(కెర్తూ, నేను అత్తయ్యని. ఆయన కవరు అంటించే ముందు ఈ మూల రాస్తున్నాను. ఆ పెన్సిల్ మొద్దుబారలేదు. ఇంతకంటే చెప్తే నన్ను చంపేస్తాడు. బాగా తిను.)


ఓటెపా
ఫిబ్రవరి 18, బుధవారం

మామయ్యా, మామయ్యా, మామయ్యా,

మూడుసార్లు ఎందుకంటే మొదటి రెండింటికి నువ్వు పలకవని తెలుసు.

నువ్వు నా ప్రశ్న చదివావు, నేను రాయని మాట చదవలేదు. తప్పు నాదే. ఆ వాలు నాకు నచ్చింది కాబట్టే అడిగాను. పాత చెక్కతో గురి చూసేటప్పుడు నేను మెడ వంచి, బుగ్గని కిందికి లాక్కుని, కన్ను సరిగ్గా రంధ్రం వెనక్కి వచ్చేదాకా కుస్తీ పట్టేదాన్ని. ఐదో తూటా వచ్చేసరికి మెడ వణికేది. ఇప్పుడు తల ఆనిస్తే చాలు, కన్ను ఎక్కడుండాలో అక్కడే ఉంటోంది. నిన్న వస్తలా, జారుడుబండ్ల పండగైనా వదలకుండా నిలబెట్టి నలభై కాల్పించారు. ముప్పై మూడు పడ్డాయి. ముప్పై మూడు మామయ్యా. ఐవార్ గారు లెక్క రెండోసారి చూసుకుని, "గాలి లేదుగా ఇవాళ" అన్నారు. గాలి ఉంది. జెండాలు ఎగురుతూనే ఉన్నాయి.

అంతా అయ్యాక బఠాణీ సూపు తాగి, మీగడ బన్నులు తిని, గుట్ట మీంచి జారుడుబండ్లు వేశాం. అందరికంటే దూరం హెలేరి జారింది. అబ్బాయిల్లో ఓట్ అనేవాడు, "బన్నులెక్కువ తింటే బరువుకి దూరం పోతారు" అన్నాడు. వాడి టోపీ ఇంకా మంచులో దొరకలేదు.

నువ్వు రాకపోతే నాకు బాధగా ఉంటుంది. కోపంతో రాకపోతే ఇంకా బాధ. కారణాలు చాలా ఉన్నాయన్నావు కదా, అందులో నేను లేనని ఒక్క ముక్క రాయి, చాలు. అత్తయ్య పెన్సిల్ గురించి రాసింది నాకు అర్థం కాలేదు. ఎవరూ ఏమీ చెప్పరు.

రిలే గురించి నీకు తెలియాల్సింది రెండే సంగతులు. ఒకటి, మాకు ఐదు తూటాలు అయ్యాక ఇంకా మూడు అదనంగా ఉంటాయి. వాటిని వేళ్ళతో ఒక్కొక్కటే తీసి పెట్టుకోవాలి, చలికి వేళ్ళు మాట వినవు. రెండు, కాల్చే చోట, అంటే రేంజ్‌లో, మనం ఎన్నో వాళ్ళం వస్తే అన్నో నంబరు చాప ఎక్కాలి. ఐదో వాళ్ళం వస్తే ఐదో చాప, దాని ఎదురుగా ఉన్న ఐదో గురి పలక. పలకలో ఐదు నల్ల చుక్కలు. తగిలితే తెల్లబడతాయి. అంతే మా బతుకు.

నీ
కెర్తు


ఓటెపా, కార్డు
మార్చి 1, ఆదివారం

మామయ్యా,

నిలబడి ఎనిమిది కాల్చాను, ఎనిమిదీ తగిలాయి. నా జన్మలో ఇంత బాగా కాల్చలేదు. నీ చెక్క బంగారం. కార్డులో చోటు లేదు, అసలు కథ రేపు వివరంగా రాస్తాను. నవ్వడానికి సిద్ధంగా ఉండు.

కెర్తు


కైనా
మార్చి 4, బుధవారం

ప్రియమైన కెర్తూ,

ఫిబ్రవరి పద్దెనిమిదిన నువ్వు రాసిన ఉత్తరం, మొన్నటి కార్డు ఇవాళ ఒకేసారి వచ్చాయి. పది రోజులు జలసంధిలో ఐసు అడ్డుపడి ఉత్తరాలన్నీ అవతలి ఒడ్డునే ఉండిపోయాయి. వాటితో పాటే మన దీవి పత్రిక కూడా వచ్చింది. మీ అత్తయ్య చదివి వినిపించింది.

పత్రికలో ఇలా ఉంది: "మన దీవి ఆడపడుచు కూతురు కెర్తు రెండో అంచెలో పరిగెత్తింది. నిలబడి కాల్చిన ఐదూ తప్పాయి. మూడు అదనపు తూటాలతో మూడు గురులు పడగొట్టి, రెండు శిక్ష చుట్లు తిరిగింది. జట్టు తొమ్మిదో స్థానంలో నిలిచింది." లైనెని మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే చదివింది.

నువ్వు ఎనిమిదికి ఎనిమిది అని రాశావు. నన్ను బాధ పెట్టకూడదని రాశావని తెలుసు. చిన్నప్పుడు నా కాఫీ కప్పు పగలగొట్టి, పిల్లి పగలగొట్టిందని చెప్పావు, అప్పుడు మనింట్లో పిల్లే లేదు. అబద్ధం నీకు చేతకాదు తల్లీ. చేతకాని పని నాకోసం చెయ్యకు.

ఇక నేను దాచింది చెప్తాను. అత్తయ్య రాసిన పెన్సిల్ సంగతి ఇదే. నా కుడి కంటికి శుక్లం ముదిరింది, ఎడమది మొదలైంది. శరత్కాలం నుంచీ సన్న గీతలు కనబడటం లేదు. తార్తులో డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. నేను వాయిదా వేస్తూ వచ్చాను. భయం వల్ల. ఏదైనా తేడా వస్తే ఉన్న చూపు కూడా పోతుందేమో, ఆ తర్వాత ఉలి ముట్టుకోలేనేమో అని. ఓటెపాకి రాకపోవడానికి కోళ్ళు కారణం కాదు. ఫెర్రీ మెట్లు కనిపించక పడిపోతే జనం నవ్వుతారని. అదీ అసలు కారణం. అందులో నువ్వు లేవు.

నీ చెక్కలో బుగ్గ దిమ్మ నేను చూసి చెయ్యలేదు. తడిమి చేశాను. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నీ ముఖం రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు ఉన్నాను కదా, మామయ్యకి ప్రేమ పొంగిందని నువ్వనుకుని ఉంటావు. ప్రేమ కూడా ఉంది. కానీ అది కొలత. ఆ కొలత వేళ్ళలో పెట్టుకుని నాలుగు రోజులు చెక్కాను. వాలు ఉందని నువ్వు రాశావు. నా కళ్ళకి అది తిన్నగానే ఉన్నట్టు కనిపించింది. అంటే నా కళ్ళు చెప్పేది అబద్ధమని తెలిసిపోయింది. అందుకే అంత కోపం. నీ మీద కాదు.

ఐదుకి ఐదూ తప్పాయి. ముప్పై మూడు పడ్డ పిల్లకి పోటీ రోజున ఒక్కటీ పడలేదంటే, నువ్వు భయపడి ఉండాలి, లేదా దిమ్మ కదిలి ఉండాలి. నువ్వు భయపడే రకం కాదు.

ఐవార్ గారికి కూడా ఇవాళే ఉత్తరం రాశాను. తప్పు పిల్లది కాదు, చెక్కది, చేసింది సరిగ్గా కళ్ళు కనిపించని మనిషి, ఫ్యాక్టరీది బిగించండి, నాది మీ ఆవిరిస్నానాల సౌనా పొయ్యిలో పెట్టుకోండి, అక్రోటు బాగా మండుతుంది అని రాశాను. వర్క్‌షాప్ మీ అత్తయ్యకి ఇచ్చేశాను. ఇవాళ మధ్యాహ్నం కోళ్ళు గృహప్రవేశం చేశాయి. పుంజు నా రంపం బల్ల మీద నిలబడి ఉంది. వాడికి నాకంటే బాగా నప్పింది.

నువ్వు బెంగ పెట్టుకోకు. బాగా పరిగెత్తావని అందరూ అన్నారట, పత్రికలో ఆ ముక్క కూడా ఉంది.

నీ మామయ్య
ఎందెల్


ఓటెపా
మార్చి 8, ఆదివారం

మామయ్యా,

ముందు నిన్ను తిడతాను, తర్వాత కథ చెప్తాను, ఆ తర్వాత మళ్ళీ తిడతాను.

"రేపు రాస్తాను" అని కార్డులో రాసి, ఆ రేపటికి జలుబు, ఆ మర్నాటికి జ్వరం, మంచం దిగేసరికి మంచం పక్కన ఐవార్ గారు. ఆయన చేతిలో నీ ఉత్తరం. నా ఖర్మ చూడు. ఆయన అంత పెద్ద అక్షరాలు చేతిలో పట్టుకుంటే నాకు గది అవతల్నుంచే "సౌనా పొయ్యి" కనబడింది.

ఇప్పుడు రిలే విను. కార్డులో ఒక్క ముక్కా అబద్ధం కాదు.

హెలేరి నన్ను ముట్టి పంపేటప్పటికి మేం ఎనిమిదో స్థానం. అందుకని పడుకుని కాల్చేటప్పుడు నాది ఎనిమిదో చాప. ఒక్క అదనపు తూటాతో ఐదూ పడ్డాయి. మళ్ళీ గుట్ట ఎక్కుతూ లాత్వియా పిల్లని దాటాను. అంటే ఇప్పుడు ఏడో దాన్ని. బుద్ధిగా ఏడో చాప ఎక్కాను. కాళ్ళు పెట్టుకున్నాను, తుపాకీ ఎత్తాను, బుగ్గ ఆనించాను. మెడ వణకలేదు. గాలి ఎడమ నుంచి కొడుతోంది, జెండా చూశాను, ఊపిరి వదిలాను. ఠప్, తెల్లబడింది. ఠప్, ఠప్, ఠప్. ఐదోది కూడా. ఇరవై ఆరు సెకన్లు. నాకు ఏడుపొచ్చింది మామయ్యా, నిజంగా. నిలబడి ఐదుకి ఐదు, పోటీలో, మన దేశపు జనం ముందు. తుపాకీ వీపున వేసుకుందామని తల తిప్పాను.

జనం చప్పుడు లేదు. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. ఎదురుగా చూస్తే ఏడో పలకలో ఐదు చుక్కలూ నల్లగా, నిమ్మళంగా, పొద్దున పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్కన ఎనిమిదో పలక తెల్లగా మెరిసిపోతోంది.

నేను ఏడో చాప మీద నిలబడి ఎనిమిదో గురి కాల్చాను. పడుకుని కాల్చినప్పుడు చూసిన నంబరు కళ్ళలో ఉండిపోయింది. కాళ్ళు ఏడుకి వెళ్ళాయి, కళ్ళు ఎనిమిదికి వెళ్ళాయి.

వెనక టెలిస్కోపులో ఐవార్ గారు ఏడో పలకే చూస్తున్నారట. ఒకటి తప్పింది, రెండు తప్పింది, నాలుగు తప్పింది అని కాయితం మీద రాసుకుంటూ, "కుర్చీ, కుర్చీ" అని గొణుగుతున్నారట. పక్కనున్న లాత్వియా కోచ్ ఆయన భుజం తట్టి, "మీ పిల్ల మా పిల్ల పని కూడా చేసి పెట్టింది, చాలా మంచి కుటుంబంలా ఉంది" అన్నాడట. అదే క్షణంలో లాత్వియా పిల్ల ఇల్జె ఎనిమిదో చాప మీదికి వచ్చి, అన్నీ తెల్లగా ఉండటం చూసి నిలబడిపోయింది. వాటిని మళ్ళీ నల్లబరిచేదాకా దానికి పని లేదు. ఇప్పటికీ భోజనాల దగ్గర కనబడితే ఒక చాక్లెట్ ఇచ్చి, "ఇంకెప్పుడైనా ఖాళీగా ఉంటే రా" అంటోంది.

నాకు మిగిలింది మూడు అదనపు తూటాలు. వేళ్ళు కొయ్యబారాయి, మొదటిది మంచులో పడబోయి ఆగింది. మూడూ నా పలకలో పడ్డాయి. మొత్తం ఎనిమిది. ఒక్కటి కూడా తప్పలేదు. కానీ నా సొంత చుక్కలు రెండు మిగిలాయి కాబట్టి రెండు శిక్ష చుట్లు తిరిగాను. తిరుగుతూ నవ్వాను. ఎవరూ నవ్వుతూ ఆ చుట్టు తిరగరు, అందుకే కెమెరా వాడు నా మీదికి తిప్పాడు. పన్నెండో దాన్నై ఓట్ చేతికి అప్పగించాను. వాడూ, వాడి తర్వాతి వాడూ కలిసి తొమ్మిదికి లాక్కొచ్చారు. పత్రికలో రాసింది స్కోరు కాయితంలో ఉన్నది ఉన్నట్టు. ఆ కాయితానికి ఎనిమిదో పలక సంగతి తెలియదు.

ఇక ఐవార్ గారి సంగతి. నా మంచం పక్కన కూర్చుని, "మీ మామయ్యే చెక్క చెడ్డదంటున్నాడు. ఒప్పందం ప్రకారం కూడా నీ ఐదు గురులూ తప్పాయి" అన్నారు.

"ఆయన పేపర్ విన్నాడు సార్, మీరు కళ్ళతో చూశారు" అన్నాను.

"నేను చూసింది ఏడో పలక."

"మరి ఎనిమిదో పలక ఎవరు పడగొట్టారు, గాలా?"

హెలేరి తలుపు దగ్గర్నుంచి, "ఆ గాలిని నాకూ కొంచెం ఇప్పించండి సార్" అంది.

ఆయన నవ్వలేదు. లేచి వెళ్ళి చెక్క తెచ్చారు, ఒక స్కేలు, ఇనప కొలబద్ద తెచ్చారు. దిమ్మ కొలిచి, "ఎడమ వైపు మూడు మిల్లీమీటర్లు వాలు. ఇదిగో, ఆయన చెప్పినట్టే వంకర" అన్నారు. తర్వాత ఏమనిపించిందో, కొలబద్దని నా ముఖానికి పెట్టారు. ఎడమ బుగ్గ ఎముక కొలిచారు, కుడిది కొలిచారు. మళ్ళీ ఎడమది. "నీకెప్పుడైనా ఇక్కడ దెబ్బ తగిలిందా?" అన్నారు.

తగిలింది కదా మామయ్యా. ఆరేళ్ళప్పుడు మీ ఇంటి వెనక గుట్ట మీంచి జారుడుబండిలో వెళ్ళి జునిపెర్ చెట్టు మొదలుకి గుద్దుకున్నాను. తోసింది నువ్వే. అమ్మకి ఇద్దరం ఇప్పటికీ చెప్పలేదు. ఆ ఎముక మూడు మిల్లీమీటర్లు లోపలికి ఉండిపోయింది. అద్దంలో నాకే తెలియదు, ఫోటోలో తెలియదు, ఏ డాక్టరూ చెప్పలేదు. నీ వేళ్ళు చెప్పాయి. చెక్క వంకర కాదు, నా ముఖం వంకర. నువ్వు నా ముఖాన్ని ఉన్నదున్నట్టు చెక్కావు.

ఐవార్ గారు చెక్కని నా పక్కన పెట్టి, "కళ్ళు బాగున్నవాడైతే దీన్ని తిన్నగా చేసి ఉండేవాడు" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "హెలేరికి, ఆ ఓట్‌గాడికి ఒక్కోటి కావాలని మీ మామయ్యకి రాయి. కాళ్ళు లేకుండా" అన్నారు.

ఇప్పుడు రెండో తిట్టు. కళ్ళు కనబడటం లేదని నాకు చెప్పకుండా కోళ్ళ మీద పెట్టావు. పోయిన నెలంతా నేను నీకు కోపమని ఏడ్చాను, నువ్వు చేతిపని పోయిందని ఏడ్చావు, ఇద్దరం స్టాంపులు దండగ చేశాం. తార్తు ఆసుపత్రిలో నీ తారీఖు మార్చి ఇరవై నాలుగని అత్తయ్య అమ్మకి చెప్పిందట. వెళ్ళాలి. భయమైతే నేను వచ్చి పక్కన కూర్చుంటాను. నీ చెయ్యి పట్టుకుంటాను, కొలత కోసం కాదు.

పుంజుని ఆ బల్ల మీంచి దించు.

నీ మేనకోడలు
కెర్తు


కైనా
మార్చి 13, శుక్రవారం

కెర్తూ, నా వంకర ముఖమా,

నీ ఉత్తరం లైనె చదివింది. నాలుగుసార్లు చదివించాను. ఎనిమిదో పలక దగ్గరికొచ్చినప్పుడల్లా తను నవ్వాపుకోలేక ఆగిపోయింది. కొలబద్ద దగ్గరికొచ్చినప్పుడల్లా ఇద్దరం ఆగిపోయాం. ఏడ్చాను. అందులో దాచేదేముంది, నాకు అరవై రెండేళ్ళు, ఏడవాలనిపిస్తే ఏడుస్తాను.

తర్వాత లేచి వర్క్‌షాప్‌కి వెళ్ళాను. కోళ్ళతో మర్యాదగానే చెప్పాను, వినలేదు. పుంజు మీద చీపురెత్తాల్సి వచ్చింది. లైనె నాతో మాట్లాడటం మానేసింది. కోళ్ళ తరఫున అలిగిందట. సోమవారానికి సర్దుకుంటుంది. నీకు పంపిన చెక్కలో మిగిలిన అక్రోటు పలక బల్ల కిందే ఉంది. ఇద్దరికి వస్తుంది, ఓట్‌గాడు మరీ పొడుగు కాకపోతే.

జారుడుబండి సంగతి మీ అమ్మకి నేనే చెప్తాను. ఎటూ తిడుతుంది, ఆసుపత్రిలో ఉన్నప్పుడు చెప్తే కొంచెం తక్కువ తిడుతుంది.

ఐవార్ గారికి నా నమస్కారం చెప్పు. కుర్చీల గురించి ఆయనన్న మాట క్షమించాను. ఆయన ముఖం కూడా ఒకసారి పట్టుకుని చూడాలని ఉంది, ఏం లేదు, ఊరికే.

ఆపరేషన్‌కి వస్తాను. మాటిస్తున్నాను. నువ్వు పక్కనుంటానన్నావు కాబట్టి కాదు, ఇంకా రెండు చెక్కలు చెయ్యాలి, రంపం బల్ల మీద గీతలు కనబడకపోతే వేళ్ళు పోతాయి కాబట్టి. సరే, నువ్వు పక్కనుంటానన్నావు కాబట్టి కూడా. భయం పోలేదు. నిన్న రాత్రికీ ఇవాళ్టికీ మధ్య కొంచెం తగ్గింది, అంతే.

కానీ ఇరవై నాలుగుకి ముందే బయలుదేరతాను. ఇరవయ్యో తారీఖున తార్తు దాటి నేరుగా ఓటెపాకి వస్తాను, బస్సులో. ఫెర్రీ మెట్ల దగ్గర డ్రైవర్ చెయ్యి పట్టుకుంటానన్నాడు. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. ఎందుకంత తొందర అంటావేమో. హెలేరి ముఖం, ఓట్‌గాడి ముఖం నేను కళ్ళు రాకముందే పట్టుకోవాలి. ఇరవై నాలుగు తర్వాత నాకు అన్నీ తిన్నగా కనబడతాయి, తిన్నగా కనబడితే తిన్నగా చెక్కేస్తాను, నలభై ఏళ్ళ అలవాటు. ఆ పిల్లలతో చెప్పు, ఇరవయ్యో తారీఖు పొద్దున్నే ముఖాలు కడుక్కుని సిద్ధంగా ఉండమని.

నీ మామయ్య
ఎందెల్